చూసినందుకు డబ్బులా?

పోయిన వారం ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా సీటు దగ్గరికొచ్చి, "సార్, మీకు తెలిసిన నమ్మకమైన మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడట, ఏదో శబ్దం వస్తోందట. నేను ఠక్కున ఒక పేరు చెప్పి నంబరు కూడా పంపించేశాను. అతను థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. అప్పుడు మొదలైంది నాకు అనుమానం. ఆ షెడ్డు ఆయన్ని నేను ఎందుకు నమ్ముతున్నాను?

ఎంత ఆలోచించినా మూడు కారణాలే తేలాయి. వెళ్లగానే కుర్చీ వేయిస్తాడు. కారు కడిగి ఇస్తాడు. బిల్లు చివర ఉన్న చిల్లర అంకెలు నా కళ్ల ముందే కొట్టేస్తాడు. ఈ మూడింటిలో ఒక్కదానికీ కారు బాగుపడటంతో సంబంధం లేదు. పైగా అదే మనిషి ఒకసారి నా చేత అక్కర్లేని సామాను బోలెడు కొనిపించాడన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ అతని నంబరే ఇచ్చాను. నిజంగా చెప్పాల్సిన ఇంకో మనిషి గురించి మాత్రం రెండేళ్లపాటు కనిపించినవాళ్లందరి దగ్గరా చెడ్డగా చెప్పుకుంటూ తిరిగాను. ఆ కథ ముందు చెప్పేస్తాను.

కొన్నేళ్ల కిందట నా కారు వెనకవైపు టకటకమని శబ్దం మొదలైంది. గతుకులు వస్తేనే వినిపించేది. నున్నటి రోడ్డు మీద ఏమీ ఉండేది కాదు. కుర్చీ వేయించే ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన వెనక బంపర్ దగ్గర రెండుసార్లు గట్టిగా నొక్కి వదిలి, "షాకబ్జార్బర్లు పోయాయి సార్, రెండూ మార్చాల్సిందే" అన్నాడు. అంత ధీమాగా చెప్పాక ఇంకేం అడుగుతాం? మార్పించాను. శబ్దం పోలేదు. మళ్లీ వెళ్తే "బుష్‌లు కూడా అరిగాయి సార్, అప్పుడే చెబ్దామనుకున్నా" అన్నాడు. సస్పెన్షన్ జాయింట్లలో ఉండే ఆ రబ్బరు ముక్కలూ మార్పించాను. ఈసారి కాస్త తగ్గినట్టే అనిపించింది. అంత డబ్బు పెట్టాక తగ్గినట్టు అనిపించకపోతే రాత్రి నిద్ర ఎలా పడుతుంది? వారం తిరిగేసరికి శబ్దం ఎప్పట్లాగే వచ్చింది.

మూడోసారి అక్కడికి వెళ్లడానికి మొహం చెల్లక ఇంకో షెడ్డుకు వెళ్లాను. చిన్న షెడ్డు, ఒకటే లిఫ్టు. ఆ మెకానిక్ బానెట్ తెరవలేదు, కారు కిందికీ దూరలేదు. "మీరు నడపండి సార్, నేను వెనక కూర్చుంటా" అన్నాడు. గతుకులున్న రోడ్డు మీద రెండు రౌండ్లు తిప్పించాడు. ఒకసారి నెమ్మదిగా పొమ్మన్నాడు, ఒకసారి బ్రేక్ కొట్టమన్నాడు, ఒకసారి కిటికీలన్నీ మూసెయ్యమన్నాడు. తర్వాత సీటు వెనక్కి తిరిగి, చెవి డిక్కీ వైపు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. షెడ్డుకు తిరిగొచ్చాక డిక్కీ తెరిచి పక్కనున్న మూత తీశాడు. లోపల జాకీ దాని బ్రాకెట్‌లో వదులుగా ఊగుతోంది. ఎప్పుడో పంక్చర్ పడ్డప్పుడు వాడి, సరిగ్గా బిగించకుండా పెట్టింది నేనే. ఆయన జాకీ మరను చేత్తో నాలుగు చుట్లు తిప్పి, అది బ్రాకెట్‌లో బిగుసుకున్నాక మూత పెట్టేశాడు. శబ్దం ఆ రోజుతో సరి.

"అరగంట లేబర్ ఇవ్వండి సార్" అన్నాడు.

"జాకీ బిగించినందుకా?" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది. "ఏ సామానూ వేయలేదు కదా. చూసినందుకు డబ్బులా?"

ఆయన చేతులు తుడుచుకుంటూ, "పోనీ షాకబ్జార్బర్లు ఇంకోసారి మార్చమంటారా సార్? వాటికైతే అడగ్గానే ఇచ్చారుగా" అన్నాడు.

డబ్బు ఇచ్చాను గానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. ఎక్కడ సుత్తి వేయాలో తెలిసినందుకు ఇంత అని బిల్లు వేసిన ఇంజినీరు కథ మనందరం వినే ఉంటాం. దానికి చప్పట్లు కొట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ బిల్లు నా చేతికొచ్చిన రోజు మాత్రం కథ గుర్తుకు రాలేదు. ఆ తర్వాత ఎవరైనా మెకానిక్‌ల మాట ఎత్తితే చాలు, "ఒకడైతే జాకీ బిగించి డబ్బులు గుంజాడు" అని చెప్పి నవ్వించేవాణ్ణి. షాకబ్జార్బర్ల సంగతి ఆ కథలో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్తాను, అందులో వెర్రివెంగళప్పను నేనే కదా.

ఇంత కథా ఒక్క మాట కోసం చెప్పాను. నిజాయితీ గల మెకానిక్ దొరకడం లేదని మనం మొత్తుకుంటాం. దొరికినా అతను బతకలేని లెక్క ఒకటి మనమే పెట్టుకున్నాం. వెతకడానికి డబ్బివ్వం, మార్చడానికి మాత్రమే ఇస్తాం. అలాంటప్పుడు ఏదో ఒకటి మార్చేవాడే మనకు దొరుకుతాడు.

డబ్బు ఎక్కడ పుడుతోంది

షెడ్డు నడిపేవాడి వైపు నుంచి ఒకసారి చూడండి. అతనికి వచ్చేది రెండు దారుల్లోనే. స్పేర్ పార్టు మీద మిగిలే మార్జిన్ ఒకటి, దాన్ని బిగించిన లేబర్ ఇంకోటి. రెండు గంటలు కారు కింద పడుకుని, మీటర్లు పెట్టి, రోడ్డు మీద తిప్పి, చివరికి "ఏమీ కాలేదు సార్, ఒక వైరు ఊడింది, పెట్టేశాను" అంటే అతని చేతికి సున్నా. అదే రెండు నిమిషాల్లో "ఇది పోయింది" అని చెప్పి కొత్తది బిగిస్తే పూర్తి ఆదాయం. రోజూ ఈ తూకంలో నిలబడి నిజం వైపే మొగ్గడానికి ఎంత పుణ్యాత్ముడై ఉండాలి? మోసం చేద్దామని పొద్దున్నే అనుకుని షట్టరు తీసేవాళ్లు తక్కువే అని నా నమ్మకం. అనుమానంగా ఉన్నప్పుడు మార్చేద్దాం అనే వైపుకు మెల్లగా జారిపోవడమే ఎక్కువ. అలా జారుతున్న సంగతి జారేవాడికి కూడా తెలియకపోవచ్చు.

ఆర్థిక శాస్త్రంలో దీని మీద చాలా పని జరిగింది. మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు 1973లోనే ఇలాంటి సేవలకు ఒక విడి గుంపు కట్టారు. కొనకముందే బాగోగులు తెలిసిపోయే వస్తువులు కొన్ని. కొని వాడాక తెలిసేవి కొన్ని. కొని, వాడి, డబ్బిచ్చేశాక కూడా అసలు అది మనకు అవసరమేనా అన్నది తేలనివి మరికొన్ని. రిపేరు ఈ మూడో రకం. షాకబ్జార్బర్లు మార్చాక కారు హాయిగా నడిచింది అనుకుందాం. పాతవి నిజంగా పోయాయా? ఇంకో ఏడాది వచ్చేవా? అది నాకు ఎప్పటికీ తెలియదు. మంచి పనికీ అక్కర్లేని పనికీ బయటికి ఒకే ఫలితం కనిపిస్తుంది: కారు నడుస్తోంది. రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు వచ్చే చిక్కు ఇదే.

పెద్ద సర్వీస్ సెంటర్లలో లెక్క వేరుగా ఉంటుందనుకుంటాం. చాలాచోట్ల మెకానిక్‌కు గంటల లెక్కన కాకుండా పనుల లెక్కన ఇస్తారు. దీన్ని ఫ్లాట్ రేట్ అంటారు. ఫలానా పనికి 2 గంటలు అని పట్టికలో ఉంటే, గంటలో ముగించినా 2 గంటల కూలీ వస్తుంది, 4 గంటలు పట్టినా అంతే వస్తుంది. సామాను మార్చే పనులకు ఈ పట్టిక చక్కగా సరిపోతుంది. ఎక్కడినుంచో ఎప్పుడో ఒకసారి వచ్చే శబ్దాన్ని వెతకడానికి పట్టికలో ఎన్ని గంటలు రాస్తారు? కాబట్టి అలాంటి కారు ఎవరి ముందుకొస్తే వాడి రోజు పోయినట్టే. మీరు చెప్పిన శబ్దానికి "అది నార్మల్ సార్" అనే జవాబు వస్తే, ఆ జవాబు మీ కారు కంటే ఆ పట్టిక గురించే ఎక్కువ చెబుతోందేమో చూసుకోండి.

1992లో కాలిఫోర్నియాలో జరిగింది ఈ విషయంలో అందరూ తెలుసుకోదగ్గది. అక్కడి ప్రభుత్వ విభాగం వాళ్లు మామూలు కస్టమర్లలా వేషం కట్టి సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ నడిపే కార్ సర్వీస్ కేంద్రాలకు కార్లు తీసుకెళ్లారు. ఏం పాడైందో వాళ్లకు ముందే తెలుసు. అక్కర్లేని పనులు అంటగడుతున్నారని బయటపడి పెద్ద గొడవైంది. సర్వీస్ అడ్వైజర్లకు అమ్మకాల మీద కమిషన్లు ఉండేవి. ఆ గొడవ తర్వాత ఆ కమిషన్లు ఎత్తేశారు. నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటుంది. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి, అడిగితే పాత పార్టులు తిరిగి ఇవ్వాలి అన్న చట్టం అక్కడ 1970ల నుంచే ఉంది. కాగితాలన్నీ ఉన్నాయి. అయినా జరిగింది. కాగితం అడగమని మనకు చెప్పే సలహాలన్నీ మంచివే గానీ, డబ్బు అటువైపు లాగుతుంటే కాగితం ఒక్కటీ ఆపలేదు.

కంప్యూటరే చెప్తుంది కదా

వెతకడం అనే పనికి విలువ ఇంకా పడిపోవడానికి స్కానర్ కూడా ఒక కారణం. స్టీరింగ్ కింద సాకెట్‌కు తగిలిస్తే నిమిషంలో కోడ్ వస్తుంది. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటికీ ఆ సాకెట్ తప్పనిసరి చేశారు, తర్వాత మిగతా ప్రపంచమూ అదే దారి పట్టింది. ఇప్పుడు ఫోనుకు కలిపే చిన్న స్కానర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. దాంతో "కంప్యూటరే చెప్తుంది కదా, నువ్వు చేసేదేముంది" అన్న ధోరణి మనకొచ్చింది.

కోడ్ చెప్పేది ఏమిటో చూడండి. పీ0420 అనే కోడ్ చాలామందికి గుండె దడ తెప్పిస్తుంది. ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తగినంత పని చేయట్లేదని దాని అర్థం. కన్వర్టర్ ఖరీదైన సామాను. కోడ్ చూపించి "కన్వర్టర్ పోయింది" అనడానికి ఒక్క నిమిషం చాలు. సైలెన్సర్ పైపులో సెన్సర్‌కు ముందు ఎక్కడైనా లీకు ఉన్నా ఈ కోడ్ రావచ్చు. సెన్సరే చెడిపోయి ఉండొచ్చు. ఇంజిన్ సరిగ్గా మండక కన్వర్టర్‌ను పాడుచేస్తూ ఉండొచ్చు, అప్పుడు కొత్త కన్వర్టర్ వేసినా కొన్నాళ్లకు అదీ అంతే. ఏ పార్టు మార్చాలో కోడ్ చెప్పదు. ఏ కొలత గీత దాటిందో చెబుతుంది, అంతే. ఒళ్లు వేడిగా ఉందని థర్మామీటర్ చెప్పినట్టు. అక్కణ్ణుంచి మొదలయ్యేదే అసలు పని, మనం డబ్బివ్వనన్నది సరిగ్గా ఆ పనికే.

చూపిస్తే చాలా?

పారదర్శకత అనగానే పాత పార్టు కవర్లో పెట్టి ఇవ్వడం, వాట్సాప్‌లో ఫోటోలు పంపడం గుర్తొస్తాయి. ఇవి లేకపోవడం కంటే ఉండటం మంచిదే. కానీ నల్లగా, జిడ్డుగా ఉన్న ఏ ఇనప ముక్కను చూపించినా నేను భయపడతాను. అది నా కారుదో, మూల పడి ఉన్న కుప్పలోదో నాకేం తెలుసు? నా కారుదే అయినా, మురికిగా ఉన్నంత మాత్రాన పాడైనట్టా? ఎయిర్ ఫిల్టర్ తీసి నా మొహం ముందు దులిపిన ప్రతిసారీ నేను "మార్చెయ్యండి" అన్నవాణ్ణే. దుమ్ము పట్టడమే కదా దాని ఉద్యోగం!

భయపెట్టే ఫోటో కంటే ఒక అంకె మేలు. బ్రేక్ ప్యాడ్‌లు అరిగాయంటే, ఎంత మిగిలిందో చెప్పమని అడగొచ్చు. చాలా కార్లలో కొత్త ప్యాడ్ మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికొస్తే మార్చడం రివాజు. "5 ఉంది సార్, వచ్చే సర్వీసుకు చూద్దాం" అనే మనిషికీ "అయిపోయాయి సార్" అనే మనిషికీ ఎంత తేడా! డిస్కుల మీద అయితే కనీస మందం ఎంతుండాలో మామూలుగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కొలిచి చూపించడానికి అర నిమిషం పడుతుంది. అంకె చెప్పిన మనిషి తనను తాను ఒక గుంజకు కట్టేసుకున్నట్టే. రేపు ఇంకో షెడ్డులో అదే కొలవొచ్చని అతనికి తెలుసు. ఇంకొకడు సరిచూడగలిగే మాట చెప్పడానికి వెనకాడకపోతే, నా దృష్టిలో అదే పారదర్శకత. పార్టులు కవర్లో పెట్టి ఇచ్చాడా లేదా అన్నది తర్వాతి మాట.

అయితే ఇక్కడ నన్నే ఇరుకున పెట్టే విషయం ఒకటుంది. కొన్నాళ్లు నేను ఓనర్ మాన్యువల్ చేతిలో పట్టుకుని, అందులో లేని పని ఏది చెప్పినా దొంగలెక్క అనుకునేవాణ్ణి. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ లాంటివి అంటగట్టబోయినవాళ్ల మీద ఆ ఆయుధం బాగానే పని చేసింది. తర్వాత బ్రేక్ ఆయిల్ దగ్గర దెబ్బ తిన్నాను. ఒక మెకానిక్ మార్చాలంటే, బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా అని కొట్టిపారేశాను. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక మాత్రం ప్రమాణం 155 డిగ్రీలే. మామూలుగా నడిపేటప్పుడు ఏ తేడా తెలియదు. పొడుగాటి దిగుడులో వరసగా బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమవుతుంది. ఇంటికొచ్చి చూస్తే సంగతి నా మాన్యువల్‌లోనే ఉంది, రెండేళ్లకోసారి మార్చాలని. ఆయుధంగా పట్టుకు తిరిగిన పుస్తకాన్ని నేను పూర్తిగా చదవలేదన్నమాట.

మాన్యువల్ కూడా వేదం కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు రాస్తాయి. ఎన్నో కార్లకు ఆ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆ ఆయిల్ మార్చమన్న మెకానిక్ దొంగా, దొరా? పుస్తకంలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చలేం. ఎందుకు అని అడిగితే అతను ఏం చెబుతాడో విని తేల్చుకోవాల్సిందే.

నిజాయితీగా చేసిన తప్పు

జాకీ మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. అదీ గత్యంతరం లేక. బ్యాటరీ లైటు వెలుగుతోంది, కుర్చీ ఆయన షెడ్డు ఆ రోజు మూసి ఉంది. వెళ్తే ఆయన నన్ను గుర్తుపట్టాడు. "జాకీ ఎలా ఉంది సార్?" అన్నాడు. అందులో వెటకారం ఎంతో నేటికీ తేల్చుకోలేకపోయాను.

ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. ఛార్జింగ్ సరిగ్గా ఉంటే దాదాపు 14 వోల్టులు చూపించాలి. 12.4 చూపించింది. నాకూ చూపించాడు. "ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయట్లేదు సార్, మార్చాలి" అన్నాడు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. ఈసారి నేను గొణగలేదు. కారు వదిలేసి వచ్చాను. సాయంత్రం ఫోను చేశాడు. "కొత్తది బిగించాను సార్. మీటరు ఇంకా 12.4 మీదే ఉంది. నేను పొరపాటు పడ్డాను. రేపటిదాకా టైమివ్వండి."

ఆ మాట విని నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్లలో ఏ షెడ్డులోనూ "పొరపాటు పడ్డాను" అనే మాట వినలేదు. "అది కూడా పోయింది సార్" అనే మాటే విన్నాను. నా బుష్‌ల కథలో జరిగింది అదే కదా. షాకబ్జార్బర్లు తప్పని తేలిన క్షణంలో ఒప్పుకునే బదులు బుష్‌లు వచ్చి పడ్డాయి. మొదటి తప్పును కప్పిపెట్టడానికి రెండో సామాను.

మర్నాడు వెళ్లేసరికి కారణం దొరికింది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు తుప్పు పట్టి, పేరుకు మాత్రమే తగిలి ఉంది. ఆల్టర్నేటర్ కరెంటు పుట్టిస్తూనే ఉంది, బ్యాటరీకి సరిగ్గా చేరట్లేదు. మొదటే ఆల్టర్నేటర్ మీద కూడా మీటరు పెట్టి ఉంటే తెలిసేదనీ, బ్యాటరీ దగ్గర మాత్రమే చూసి తొందరపడ్డాననీ ఆయనే చెప్పాడు. నా పాత ఆల్టర్నేటర్ తిరిగి బిగించాడు. కొత్తదాన్ని షాపుకు వెనక్కిచ్చాడు. బిల్లులో ఎర్త్ వైరు ఉంది, వెతికిన లేబర్ గంట ఉంది. ఆల్టర్నేటర్ ఎక్కించి దించిన లేబర్ లేదు.

వెతికిన గంట ఉంది. తాను తప్పు చేసిన కేసులో కూడా దాన్ని వదల్లేదు మహానుభావుడు. ఒక్క క్షణం మళ్లీ పాత మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ బిల్లే ఆయన లెక్క అంతా విడమర్చి చెబుతోంది అనిపించింది. ఆ గంటకు నా దగ్గర డబ్బు తీసుకుంటాడు కాబట్టే ఆల్టర్నేటర్ వెనక్కి తీసుకోగలిగాడు. వెతకడం ఉచితం అయిన షెడ్డులో, బిగించిన సామాను వెనక్కి తీసుకోవడమంటే ఆ రోజు మొత్తం నష్టపోవడమే. నా బుష్‌ల ఆయన ఒప్పుకోకపోవడంలో బహుశా ఈ లెక్క కూడా ఉంది. ఇది అతన్ని వెనకేసుకు రావడం కాదు. అయినా అతని మీద ఉన్న కోపంలో సగం ఇప్పుడు ఎటు పెట్టాలో తెలియడం లేదు.

బావమరిది వాదన

ఈ సంగతంతా మా బావమరిదికి చెప్పాను. కంపెనీ షోరూంలో తప్ప ఎక్కడా కారు ఇవ్వని మనిషి. "అయితే బావా, వెతకడానికి డబ్బిస్తే వాడు వెతుకుతూనే ఉంటాడుగా? అరగంటది మూడు గంటలు చేస్తాడు" అన్నాడు. కాదనలేను. మార్చినదానికి డబ్బిస్తే ఎక్కువ మారుస్తారు, వెతికినదానికి ఇస్తే ఎక్కువ వెతుకుతారు. జీతం ఇచ్చి కూర్చోబెడితే ఏ పనీ చేయకపోవచ్చు. ఏ లెక్కలోనైనా జారడానికి ఒక వాలు ఉంటుంది. నేను చెప్పగలిగింది ఇంతే: వెతకడం సాగదీస్తే నాకు ఒక గంట డబ్బు పోతుంది. అక్కర్లేని సామాను వేస్తే అంతకు ఎన్నో రెట్లు పోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. పైగా గంటలకు హద్దు పెట్టొచ్చు. "ఒక గంట వెతకండి, దొరకకపోతే ఫోన్ చేయండి, తర్వాత సంగతి తర్వాత" అని ముందే అనుకోవచ్చు. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను. ఆ గంట ముగిశాక వచ్చే ఫోనులో "ఇంకా తెలియలేదు సార్, ఇవి మాత్రం కావని తేలింది" అని విన్నప్పుడు నాకు మంచిగానే అనిపిస్తోంది. కావని తేలినవాటి పేర్లు కాగితం మీద రాసి ఇమ్మంటాను. ఇంకో చోటికి వెళ్లాల్సి వస్తే ఆ గంట వృథా కాదు.

"అంత నమ్మకం లేకపోతే రెండు చోట్ల చూపించుకో" అని కూడా అన్నాడు. అదీ మంచి సలహానే. కాకపోతే చూసినందుకు డబ్బివ్వనంటూ రెండు చోట్ల చూపించుకుంటే, రెండు ఉచిత అంచనాలు దొరుకుతాయి, రెండూ సామాను పేర్లతోనే ఉంటాయి. ఒక షెడ్డులో వెతికించుకుని, సామాను ఇంకో చోట చవగ్గా కొని, మూడో చోట బిగించుకునే మహామహులు కూడా నాకు తెలుసు. ఆ మొదటి షెడ్డు ఆయన మరోసారి ఎందుకు వెతుకుతాడు?

నాకు జవాబు లేని ప్రశ్న వేరే ఉంది. నెల తిరగడమే కష్టమైనవాడు, కారు నడిపి బతికేవాడు, "ముందు గంటకు ఇంత, బాగవుతుందో లేదో తర్వాత చూద్దాం" అంటే ఎలా ఒప్పుకుంటాడు? సామాను చేతికొస్తే కనీసం ఒక వస్తువు కొన్నట్టుంటుంది. వెతకడానికి ఇచ్చిన డబ్బుకు చేతిలో ఏమీ మిగలదు. నాకు చెల్లే సలహా అందరికీ చెల్లదు. ఈ వ్యాసం రాస్తూ ఇక్కడ రెండు రోజులు ఆగిపోయాను. అయినా అక్కర్లేని షాకబ్జార్బర్ల దెబ్బ అతనికే నాకంటే గట్టిగా తగులుతుందన్నది ఒక్కటే నాకు తోచిన సమాధానం. అది సరిపోదని కూడా తెలుసు.

మా ఆఫీసు కుర్రాడికి రెండో రోజే మళ్లీ మెసేజ్ పెట్టాను. మొదట చెప్పినచోటికి వద్దు, ఈ నంబరుకు చెయ్యి అని. ఎందుకో వివరంగా రాయలేదు. జాకీ కథ టైపు చేయడానికి బద్ధకించాను.

నిన్న సాయంత్రం అతను ఒక ఫోటో పంపాడు. జాకీ మెకానిక్ బిల్లు. చేతిరాతతో మూడు లైన్లున్నాయి. రోడ్డు మీద నడిపి చూడటం, సస్పెన్షన్ అన్ని జాయింట్లు చూడటం, వెనక డోరు బీడింగ్ ఊడితే సరిచేయడం. సామాను అన్నచోట గీత గీసి ఉంది. కింద ఒక గంట లేబర్. ఫోటో కింద కుర్రాడు రాసిన మాట: "సార్, శబ్దం పోయింది. కానీ ఏమీ మార్చకుండా చూసినందుకే తీసుకున్నాడు. ఇది మామూలేనా?"

రెండు నీలం టిక్కులు పడిపోయాయి. జవాబు ఇంకా రాయలేదు.